చెన్నైలో మిద్దెకు టార్చ్ షీటు వేయించుకోవడం ఎలా

చెమ్మ దిగుతున్న మిద్దెకు, మంటతో అతికించే ఈ షీటు వేయించాలనుకుంటే ముందే మిద్దె ఎక్కకండి. కింద గదుల్లో తిరగండి. సీలింగ్ మీద చెమ్మ మరకలు ఎక్కడున్నాయి, పెచ్చు ఎక్కడ ఊడుతోంది, లైటు పాయింట్ల చుట్టూ పసుపు చారలు ఉన్నాయా అని చూసి, ఒక కాగితం మీద గదులు గీసి గుర్తులు పెట్టుకోండి. అదే కాగితం పట్టుకుని పైకెళ్లండి. మరకకు సరిగ్గా పైన పగులు కనిపిస్తుందని మాత్రం ఆశపడకండి. నీళ్లు స్లాబులో దూరేది ఒకచోట, కిందికి దిగేది ఇంకోచోట. చాలా ఇళ్లలో అసలు దొంగ పిట్టగోడ మొదట్లోనో, పైపు చుట్టూనో, తూము దగ్గరో దొరుకుతాడు. స్లాబు నడిమధ్యన దొరకడం తక్కువ.

ఇది నేను రెండుసార్లు డబ్బులు కట్టి నేర్చుకున్న సంగతి. మాది పెరంబూరు. 2022 సెప్టెంబరు చివర్లో, వానలు వచ్చేస్తున్నాయన్న టెన్షన్‌లో దొరికిన కాంట్రాక్టరుకు పని అప్పగించాం. మూడు రోజుల ముందే వాన పడింది. "పైన ఆరిపోయింది సార్" అన్నాడు, నమ్మాను. మార్చి ఎండలకు షీటు మీద అప్పడాల్లా పొక్కులు లేచాయి. ఒకదాన్ని బ్లేడుతో కోస్తే లోపలి నుంచి వెచ్చటి నీళ్లు కారి అరచెయ్యి తడిసింది. ఆ ఏడాది డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచేసి బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మా హాల్లో ఫ్యాను కొక్కెం నుంచి చుక్కలు పడటం మొదలైంది. 2024లో మొత్తం పీకించి మళ్లీ వేయించాం. ఈసారి మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మిద్దె మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

టార్చ్ షీటు అంటే ఏపీపీ అనే ప్లాస్టిక్ కలిపిన తారుతో, మధ్యలో పాలిస్టర్ పొర పెట్టి చేసిన చుట్ట. అడుగున పల్చటి ఫిల్మ్ ఉంటుంది. గ్యాస్ మంటతో ఆ ఫిల్మ్‌నూ దాని వెనక తారునూ కరిగించి స్లాబుకు అతికిస్తారు. ఎస్‌బీఎస్ అనే రబ్బరు రకం కూడా ఉంది కానీ దాని గొప్పంతా చలిలో సాగడంలో ఉంది. మనకిక్కడ బాధ ఎండతోనే కాబట్టి ఏపీపీ తీసుకోండి. ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది: ఈ షీటు పైనుంచి నీళ్లను దిగనివ్వదు, లోపలున్న చెమ్మను పైకి పోనివ్వదు. తడి మీద వేస్తే తడిని సీలు చేసినట్టే. ఎండకు ఆ తడి ఆవిరై షీటును పైకి తంతుంది. మా పొక్కులు అలా వచ్చినవే.

మీ మిద్దెకు ఇది సరిపోతుందా

ఆర్‌సీసీ స్లాబు అయితే సరిపోతుంది. జార్జి టౌన్ వైపు పాత ఇళ్లలో టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి, సున్నం వేసి కట్టిన పైకప్పులుంటాయి. మద్రాస్ టెర్రస్ అంటారు. మీది అలాంటిదైతే మంట దగ్గరికి రానివ్వకండి. ఎండి పెళుసెక్కిన దూలానికి గోడ సందులోంచి సెగ తగిలితే నిప్పు లోపల రాజుకుంటుంది, గంటల తర్వాత గానీ బయటపడదు. వాటికి మంట అక్కర్లేని, జిగురుతో అంటుకునే షీట్లున్నాయి. అదైనా పాత సున్నం కట్టడాలు తెలిసినవాళ్లు చూసి చెప్పాకే.

ఆర్‌సీసీ ఇళ్లలో కూడా చెన్నైకి ఒక ప్రత్యేకత ఉంది. పైన స్లాబు బోసిగా ఉండదు. ఇటుక కంకర, సున్నం కలిపిన మందపాటి పొర, దాని మీద ఎర్ర పలకలు ఉంటాయి. ఇంజనీర్లు వెదరింగ్ కోర్స్ అంటారు, పలకల్ని ఇక్కడి వాళ్లు తట్టోడు అంటారు. వెనకటి రోజుల్లో ఆ పొర మీద కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ, పనివాళ్లు వరసగా కూర్చుని కొయ్య చెక్కలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. అలా కొట్టినది ఇప్పటికీ గట్టిగా ఉంటుంది. తర్వాత వచ్చిన తొందర పనుల్లో అది స్పాంజిలా తయారైంది. పలకల సందులు విచ్చుకుంటే నీళ్లు ఆ పొరలో చేరి వారాల తరబడి అక్కడే కూర్చుంటాయి.

అందుకని సుత్తి పిడితో పలకల మీద తట్టుకుంటూ నడవండి. గట్టి చోట చప్పుడు నిండుగా వస్తుంది, గుల్ల చోట బోలుగా వినిపిస్తుంది. రెండు మూడు చోట్ల అడుగు వెడల్పున పలకలు లేపి, స్లాబు కనిపించేదాకా తవ్వించండి. అడుగున ఉన్న ఇటుక కంకర పిడికిట్లో పట్టి నలపండి. వారం ఎండ కాసిన తర్వాత కూడా చేతికి చల్లగా, ముద్దగా తగిలితే ఆ పొర మొత్తం తీసేయాల్సిందే. మా మొదటి కాంట్రాక్టరు పలకల మీదే షీటు పరిచేశాడు, తవ్వి చూడలేదు. చూడమని నేనూ అడగలేదు.

పని ఎప్పుడు పెట్టుకోవాలి

చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యనే పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రాలు ఉరుములతో వచ్చే వానలు వేరే. మిద్దె నిజంగా ఆరేది ఫిబ్రవరి నుంచి మే వరకే. శివరాత్రి వెళ్లగానే పగలగొట్టడం మొదలుపెడితే ఏప్రిల్ చివరికి మంట పని అయిపోతుంది. మా అత్తగారు కర్తరిలో ఇంటి పని ముట్టనివ్వరు కాబట్టి మాకు మే నాలుగో తేదీ ఎలాగూ గడువే. ఆ నమ్మకం సంగతి ఎలా ఉన్నా, మే మధ్యాహ్నం ఆ మిద్దె మీద మంట పట్టుకుని మనిషి పని చేయలేడు.

పాత పొర తీసేస్తే దానితోపాటు నీళ్ల వాటం కూడా పోతుంది. మళ్లీ సిమెంటు మోర్టారుతో వాటం చేయించాలి. కనీసం నూటికి ఒకటి, అంటే పది అడుగులకు అంగుళంపావు. నా మాట వింటే అంగుళంనర పెట్టించండి, తాపీ పనిలో కొంత తగ్గుతూనే ఉంటుంది. ఆ మోర్టారుకు వారం రోజులు నీళ్లు పట్టాలి, తర్వాత మూడు వారాలు ఎండాలి. ఈ నెల రోజుల్నీ ఎవరూ లెక్కలో వేసుకోరు. గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

షీటు కొనేటప్పుడు

చుట్ట వెడల్పు మీటరు, పొడవు పది మీటర్లు. మందం 3, 4 మిల్లీమీటర్లలో దొరుకుతుంది. ఒకే పొర వేస్తున్నారు కాబట్టి 4 తీసుకోండి, లోపల పాలిస్టర్ ఉన్నదే అడగండి. ఫైబర్ గ్లాస్ పొర ఉన్నది చవక, కానీ స్లాబు ఎండకు సాగి చలికి ముడుచుకునే చోట అది పెళుసుగా తెగుతుంది. కొటేషన్‌లో "టార్చ్ షీటు, చదరపు అడుగుకు ఇంత" అని మాత్రమే రాసిస్తే ఒప్పుకోకండి. మందం, లోపలి పొర, ప్రైమర్ (షీటు పట్టుకోవడానికి ముందుగా స్లాబుకు పూసేది), పిట్టగోడ మీదికి ఎక్కించే ఎత్తు అన్నీ విడివిడిగా రాయించండి. సరుకు దిగాక ఒక చుట్ట అంచు కోసి మందం కొలవండి.

లెక్క ఇలా వేసుకోండి. షీటు మీద షీటు ఎక్కేది పక్కల 10 సెంటీమీటర్లు, చివర్లలో 15. అది పోగా ఒక చుట్ట సుమారు 8.8 చదరపు మీటర్లు కప్పుతుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె 93 చదరపు మీటర్లు. చుట్టూ పిట్టగోడ మీదికి 30 సెంటీమీటర్లు ఎక్కించడానికి ఇంకో 11, 12 చదరపు మీటర్లు. తూములకు, మూలలకు ముక్కలు, కోతలో పోయేది కలిపితే 13 చుట్టలు తెప్పించుకోవాలి. చుట్టల్ని నీడలో, నిలబెట్టి ఉంచండి. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఎండ వేడికి అణిగి అతుక్కుపోతాయి.

గోకడం, ఆరబెట్టడం

రెండోసారి వచ్చిన మేస్త్రీ నెల్లూరు వైపు మనిషి. మొదటి రోజు మంట సామాన్లేవీ తేలేదు, వైరు బ్రష్షులు, ఉలులు, చీపుళ్లు మాత్రమే తెచ్చాడు. "మంట ఎప్పుడు మేస్త్రీ?" అని అడిగితే, "గోకేది మూడ్రోజులు సార్, మంట ఒక్కరోజే" అన్నాడు. నాచు, వదులు సిమెంటు, పాత పెయింటు, తారు మరకలు అన్నీ పోవాలి. పగుళ్లను వి ఆకారంలో కాస్త వెడల్పు చేసి, దుమ్ము ఊది, మోర్టారుతో నింపాలి. పొడుచుకొచ్చిన కంకర మొనలు కొట్టేయాలి, లేకపోతే వేడి షీటును అవే కింద నుంచి పొడుస్తాయి.

ఆరిందో లేదో కంటితో తేల్చకండి. మూరెడు చదరం మందపాటి పాలిథిన్ ముక్క తీసుకుని నాలుగు అంచులూ టేపుతో అంటించి, సాయంత్రం నుంచి మర్నాడు ఉదయం పది దాకా, అంటే 16 గంటలు, వదిలేయండి. తీసినప్పుడు లోపలి వైపు చెమట పట్టినా, కింద సిమెంటు ముదురు రంగులోకి మారినా ఇంకా ఆరలేదని లెక్క. నాలుగైదు చోట్ల చేయండి, ట్యాంకు నీడ పడే చోట తప్పకుండా. "మంట చూపించి ఆరబెడతాం సార్" అని ఎవరైనా అంటే వద్దని చెప్పండి. మంట పైపొరనే ఆరబెడుతుంది.

పిట్టగోడా స్లాబూ కలిసే చోట లంబకోణం ఉండకూడదు. షీటు అంత మడతలో బిగిసి కొన్నాళ్లకు చీలుతుంది. అక్కడ మోర్టారుతో రెండంగుళాల ఏటవాలు కట్టించండి, చుట్టూ ఎక్కడా తెగకుండా. తూముల చుట్టూ మూరెడు మేర స్లాబును ఒక సెంటీమీటరు లోతు చేయించండి. అక్కడ రెండు పొరలు పడతాయి కాబట్టి, ఆ లోతు లేకపోతే తూము ముందే చిన్న గట్టు కట్టినట్టయి నీళ్లు ఆగుతాయి.

ప్రైమర్

నల్లటి పల్చటి ద్రవం. లీటరుకు నాలుగైదు చదరపు మీటర్లు వస్తుంది. దుమ్ము లేకుండా ఊడ్చాక రోలరుతో పూయించండి. ఆ రోజు ఎంత షీటు వేయగలరో అంత మేరే పూయాలి, మర్నాటికి వదిలేస్తే దాని మీద దుమ్ము కూర్చుంటుంది. వేలు పెడితే అంటుకోకుండా ఉండేదాకా ఆగాలి. తడి ప్రైమర్ మంటకు భగ్గుమంటుంది. డబ్బాలు మూత పెట్టి మిద్దె మీంచి కిందికి దించేయండి.

మంట పెట్టే రోజు

ముందు చుట్టూ చూడండి. పక్కింటి మిద్దె మీద తాటాకు పందిరి ఉందా, దండెం మీద బట్టలున్నాయా, ప్లాస్టిక్ ట్యాంకు పైపులు ఎక్కడ పోతున్నాయి, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వైర్లు ఎక్కడున్నాయి. గాలి జోరుగా ఉంటే పని ఆపించండి. కింద, పక్క ఇళ్లవాళ్లకు ముందురోజే చెప్పండి, తారు వాసనకు కిటికీలు మూసుకుంటారు. చంటిపిల్లలుంటే మరీ.

సిలిండరు 19 కిలోల వాణిజ్య సిలిండరే ఉండాలి. వంటింటి ఎర్ర సిలిండరు వాడటం చట్టం ఒప్పదు. నిలబెట్టి, మంటకు కనీసం మూడు మీటర్ల దూరంలో ఉంచాలి. గొట్టం అతుకుల దగ్గర సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఒక పాడు అలవాటు మీ కళ్లతో చూస్తారు: గ్యాసు వాడుతున్నకొద్దీ సిలిండరు చల్లబడి ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు పనివాడు అదే మంటను సిలిండరుకు చూపిస్తాడు. అది చూస్తే పని ఆపించి ఇంకో సిలిండరు తెప్పించండి, మొహమాటపడకండి. పొడి చల్లే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి, రెండు బకెట్ల నీళ్లు చేతికందేలా ఉండాలి. పనివాళ్లకు నిండు చేతుల కాటన్ చొక్కా, బూట్లు, తోలు గ్లవ్స్. నైలాన్ టీషర్టు వద్దు, అది కరిగి ఒంటికి అంటుకుంటుంది.

మొదటి షీటు పల్లం వైపు, అంటే తూముల దగ్గర మొదలవ్వాలి. అక్కడి నుంచి ఎగువకు పోతే పై షీటు అంచు కింద షీటు మీద పడుతుంది, ఇంటి పెంకుల్లాగా. నీళ్లు అతుకులోకి ఎదురెక్కవు. చుట్టను పూర్తిగా విప్పి, దారం కట్టి గీసిన గీతకు సరిచూసి, సగం దాకా మళ్లీ చుట్టుకోవాలి. అలా అంటించడం మొదలుపెట్టి, ఆ సగం అయ్యాక రెండో వైపు. అలా చేయకపోతే పది మీటర్లు పోయేసరికి షీటు వంకరపోయి, బెత్తెడు ఉండాల్సిన ఎక్కింపు రెండు వేళ్లకు వస్తుంది.

ఇప్పుడు మంట దగ్గరికి. మేస్త్రీ చుట్టకు ఎదురుగా నిలబడతాడు. మంటను చుట్ట అడుగునా, దాని ముందున్న స్లాబు మీదా అటూ ఇటూ ఆడిస్తుంటాడు, ఒక్కచోట నిలపడు. ముందు ఫిల్మ్ ముడుచుకుని మాయమవుతుంది. తర్వాత మాసిన నలుపు మెరిసే నలుపవుతుంది, నూనె పూసినట్టు. ఆ క్షణమే చుట్టను దొర్లించాలి. చుట్ట ముందు కరిగిన తారు సన్నటి అలలా నడుస్తుంటుంది, అది తెగకుండా ఉంటే షీటు నిండుగా అంటుతున్నట్టు. దట్టమైన పొగ వచ్చినా, లోపలి పాలిస్టర్ బయటపడినా ఎక్కువ కాల్చేశాడని అర్థం. ఆ ముక్క మీద ఇంకో ముక్క అతికించాల్సిందే.

అతుకుల దగ్గర ఇంకా నిదానం. రెండు అంచులూ కరిగించి, బరువైన రోలరుతో తొక్కితే అంచు వెంట అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా పాకంలా తారు బయటికి రావాలి. ఆ నల్లటి గీత మొత్తం పొడవునా కనిపించాలి. ఎక్కడ తెగిందో అక్కడ అతుకు అనుమానమే. షీటు చల్లబడ్డాక తాపీ మొన పట్టుకుని ప్రతి అతుకు వెంటా మీరే నడవండి. మొన లోపలికి దూరిన చోట సుద్దతో గుర్తు పెట్టి మళ్లీ కాల్పించండి. మా మిద్దె మీద నాకు ఏడు దొరికాయి. వాటిలో ఆరు, సాయంత్రం నాలుగు దాటాక వేసిన వరసల్లోనే.

పక్క పక్క వరసల చివరి అతుకులు ఒకే గీతలో పడకూడదు. మూడు షీట్లు కలిసే చోట మధ్య షీటు మూలను ఏటవాలుగా కోయాలి, లేకపోతే ఆ మెట్టు దగ్గర చీమ దూరేంత సందు మిగులుతుంది. నీళ్లకు అది చాలు.

పిట్టగోడ, పైపులు, గడప

ఇక్కడే పని బతుకుతుంది, లేదా పోతుంది. మూలల్లో ముందు చిన్న ముక్కలు అంటించి, ఆ తర్వాతే గోడ షీటు. నేల షీటును గోడ దాకా లాగి ఒకే ముక్కగా పైకెక్కించడానికి చూస్తారు, ఒప్పుకోకండి. గోడకు వేరే ముక్కలు, మీటరు చొప్పున, నేల షీటు మీదికి 15 సెంటీమీటర్లు వచ్చేలా. పొడవాటి ముక్క అయితే వేడికి జారి గోడ నుంచి వేలాడుతుంది. పైన పలకలు వేయబోతున్నారా? అయితే ఆ పలకల మట్టానికి పైన కూడా షీటు కనీసం 15 సెంటీమీటర్లు కనిపించాలి.

షీటు పై అంచు గోడకు ఊరికే అంటుకుని ఉంటే రెండేళ్లలో విడిపోయి నోరు తెరుస్తుంది, గోడ మీద కారే నీళ్లన్నీ వెనక్కి దిగుతాయి. గోడలో అంగుళం లోతు గాడి కోసి, షీటు అంచును అందులో దూర్చి, అల్యూమినియం పట్టీతో స్క్రూలు బిగించి, పాలియురెథేన్ సీలెంటుతో గాడి నింపాలి. మా మొదటి పనిలో అసలు గాడే లేదు.

పీవీసీ పైపుల దగ్గర మంట పెడితే పైపు కుంగిపోతుంది. ముక్కను పక్కన రేకు మీద కాల్చి, గ్లవ్స్ చేత్తో పైపు చుట్టూ నొక్కించి, పైన క్లాంపు బిగించాలి. తూములోకి షీటు 10 సెంటీమీటర్లు లోపలికి దిగాలి. మెట్ల గది గడపను అందరూ మర్చిపోతారు. షీటు గడప కిందికి వెళ్లాలి.

ఆ రోజు పని ఆపాక ఒక గంట ఎవరో ఒకరు మిద్దె మీద ఉండాలి. నిప్పు ఎక్కడైనా నలుసంత మిగిలినా అప్పుడే తెలుస్తుంది.

నీళ్లు కట్టి చూడటం

తూములు మూసి రెండంగుళాల నీళ్లు పెట్టి 48 గంటలు ఉంచండి. పలకలు వేయకముందే. ఆ నీళ్ల బరువు చదరపు మీటరుకు 50 కిలోలు, వెయ్యి చదరపు అడుగులకు నాలుగున్నర టన్నుల పైనే. పాత స్లాబు అయితే ఇంజనీరును అడిగి, ఒక్కో భాగానికి గట్టు కట్టి విడివిడిగా చేయండి. మొదట గీసుకున్న కాగితం తీసి, కింద అదే మరకల దగ్గర పూటకోసారి చూడండి. పాత మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి తేదీ రాస్తే పెరిగిందో లేదో వాదించే పని ఉండదు.

షీటు మీద ఏం వేయాలి

నల్ల షీటును అలా వదిలేస్తే చెన్నై ఎండ దాన్ని త్వరగా ఎండబెట్టి పగలగొడుతుంది, కింద గది కూడా పెనంలా కాలుతుంది. మిద్దె మీద నడవరు అంటే పైన రాతి పలుకులు అద్దిన రకం షీటు తీసుకోండి, లేదా ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయించి, అది మాసినప్పుడల్లా మళ్లీ వేయించుకోండి. వడియాలు, ఆవకాయ ముక్కలు ఆరబెట్టే మిద్దె అయితే షీటు మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, రెండంగుళాల మోర్టారు, పైన తెల్లటి కూల్ టైల్స్ వేయించండి. మేం అదే చేశాం. ఇక ఆ మిద్దెలో మేకు, డిష్ బోల్టు, సోలార్ ప్యానెల్ కాలు ఏదీ దిగకూడదు. స్టాండు కావాలంటే సిమెంటు దిమ్మల మీద నిలబెట్టుకోండి.

తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాన నీటి సేకరణ తప్పనిసరి కాబట్టి మీ తూము నీళ్లు బావికో గుంతకో పోతుంటాయి. షీటు పైకి కనిపించేలా ఉంటే మొదటి రెండు మూడు వానల నీళ్లను వీధిలోకి వదిలేయండి. సెప్టెంబరు చివర్లో ఒకసారి తూముల్లో ఆకులు తీయించండి. ఇక దీపావళి వానల నడుమే వస్తుంది. చిచ్చుబుడ్లు, భూచక్రాలు షీటు మీద పెడితే రూపాయి బిళ్లంత రంధ్రాలు పడతాయి. పక్కవీధి రాకెట్టు వచ్చి పడినా అంతే. మర్నాడు పొద్దున్నే మిద్దెక్కి, నల్లగా కాలిన చోట్లు ఉన్నాయేమో వెతకండి, ఉంటే వాన రాకముందే ముక్క అతికించండి. మా పిల్లలు ఇప్పుడు వీధిలోనే కాలుస్తున్నారు.